కాలమునకును తరుగు కలదు

బంగారపు దుకాణమున గాజులు చేయింపబోయిన గృహస్థుడు లోహము వెలతోబాటు మజూరీని, దానిపై తరుగును గూడ మారుమాటాడక చెల్లించును. తరుగు నూటికి ఎంతయని బేరమాడునే గాని, తరుగు ఏలయని అడుగడు. కరగించునపుడును, ఆకురాయి పెట్టునపుడును, మెఱుగు దిద్దునపుడును కొంత బంగారము చేజారునని వానికి తెలియును. ఆ గృహస్థుడే ఇంటికి మరలివచ్చి, ఆగిపోయిన పంకాను పది నిమిషములలో తిరుగునట్లు చేసిన ఎలక్ట్రీషియను మూడువందలు అడుగగా, “పది నిమిషాలకు మూడు వందలా!” అని నోరు వెళ్లబెట్టును. ఆ గృహస్థుడు మరియెవరో కాదు. గత వేసవిలో నేనే. ఆ పడుచువాడు స్క్రూడ్రైవరును సంచిలో వేసికొనుచు, కోపము లేకయే, “సార్, మీ సందు కనుక్కోడానికే ముప్పావుగంట పట్టింది. కండెన్సర్ కోసం మళ్లీ కొట్టుకు పోయొచ్చా. అదంతా ఎవరిస్తారు సార్?” అనెను. మూడువందలును ఇచ్చివేసితిని.

ఇంటియొద్ద కూర్చుండి అనువాదములు చేసి జీవించు నాకు ఆ ప్రశ్న క్రొత్తది కాదు. నాలో నేను పలుమార్లు వేసికొన్నదే. నాకు పని యిచ్చువారిని మాత్రము ఒక్కనాడును అడిగి యెరుగను.

ఉద్యోగము విడిచి స్వతంత్రముగా పనిచేయబూనువారు సాధారణముగా వేసికొను లెక్క యొకటి కలదు. నెలకు 50,000 రూపాయల జీతము వచ్చుచుండినది. నెలకు 26 దినములు, దినమునకు 8 గంటలు, వెరసి 208 గంటలు. కావున గంటకు 240 రూపాయలు చాలును, మర్యాదకు 250 అందము. గుణకార భాగహారములలో తప్పు లేదు గాని విడిచిపెట్టిన పద్దులు పెక్కు. జీతగానికి సంక్రాంతి సెలవునకును, జ్వరమువచ్చి మూడుదినములు మంచము పట్టిన కాలమునకును యజమానియే వెల చెల్లించుచుండెను. భవిష్యనిధిలో తన వంతు వేయుచుండెను. కుర్చీ, కంప్యూటరు, కరెంటు అన్నియు యజమానివే. స్వతంత్రుని సంవత్సరము వేరు. 365 దినములలో ఆదివారములు 52, పండుగలు పెండ్లిండ్లు కలిపి ఓ 20, ఒంట్లో నలతకు 13 తీసివేసినచో మిగులునవి 280. దినమునకు ఎనిమిది గంటలు బల్లముందు కూర్చున్నను, బిల్లు వ్రాయదగినవి ఐదింటికి మించవని నా డైరీ చెప్పుచున్నది. తక్కినవి టెలిఫోను మాటలకును, క్రొత్త పని వెదకుటకును, ఒక్క పదము కుదురక శబ్దరత్నాకరము తిరగవేయుటకును, పాత బాకీని నొప్పింపకుండ జ్ఞాపకము చేయు ఉత్తరము కూర్చుటకును పోవును. అనగా సంవత్సరమునకు 1,400 గంటలు. ఇంటికి ఆరు లక్షలు కావలెననుకొని, పనిముట్లకు, ఇంటర్నెట్టుకు, ఆరోగ్యబీమాకు, ముసలితనమునకు దాచుకొనదగిన సొమ్మునకు కలిపి మరి లక్షా ఇరువదివేలు చేర్చినచో, గంట 514 రూపాయలకు గాని గిట్టదు. రెండువందల యేబదికిని దీనికిని నడుమనున్న అంతరమే కాలపు తరుగు.

పూర్వము మన పల్లెలలో వడ్రంగికిని కమ్మరికిని గంటవెల లేదు, రోజుకూలియు లేదు; కుప్పనూర్పిళ్లవేళ రైతు కళ్లములో కొలిచి యిచ్చిన మేర ధాన్యమే వారి సాలుసరి ప్రతిఫలము. నాగలి ఎన్నిమారులు చెక్కెనను లెక్క లేదు, పనిలేని దినములును ఆ కొలతలోనే యిమిడియుండెను. ఆ పద్ధతి మరల రావలెనని నేను కోరను, ఏలయన పుట్టిన కులమే వృత్తియై, అడుగు హక్కు లేక, ఇచ్చినది పుచ్చుకొనుటయే దాని స్వభావము. అయినను సంవత్సరమును ఒక్కముద్దగా చూచు బుద్ధి అందు కలదు. గంటల లెక్కకు మరగిన మనకు అది తప్పిపోయినది.

ఇక మనవారిలో ప్రబలమైన శత్రువు మొగమాటము. “ఎంతో కొంత ఇవ్వండి, మీకు తెలియనిదేముంది” అనుట మర్యాదయని మనము భ్రమపడుదుము. నిజమునకు, వెల కట్టవలసిన భారమును ఎదుటివాని నెత్తిన పెట్టి, అతడు తక్కువ యిచ్చిన పిమ్మట ఇంట సణుగుకొనుటకు దారి చేసికొనుటయే అది. ఒక సంస్థవారు నాచేత పుస్తకమొకటి అనువదింపజేసి, “చిన్న చిన్న మార్పులే” యనుచు మూడుమారులు త్రిప్పిపంపి, అయిదునెలలకు టీడీఎస్ కోసికొని పైకము పంపిరి. తప్పు వారిది మాత్రమే కాదు; మార్పులెన్ని, గడువెంత అని కాగితముపై పెట్టనివాడను నేను. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టము ననుసరించి, ఉద్యమ్ నమోదు పొందిన చిన్న సేవాదారునకు, ఒప్పందములో ఏమి వ్రాసికొన్నను, 45 దినములు దాటకుండ సొమ్ము ముట్టవలెను. దాటినచో బ్యాంకు రేటునకు మూడురెట్లు చక్రవడ్డీ. ఆ నమోదునకు రుసుము సైతము లేదు. ఇది నాకు తెలిసినది ఆ అయిదునెలలు గడచిన పిదపనే.

ఒక్క హెచ్చరిక. గంటవెల ఇంత అని ఎరిగియుండుట వేరు, దానిని వాకిట బోర్డు కట్టుట వేరు. పదియేండ్ల క్రిందట ఒక పుటకు గంట పట్టినది నేడు నలుబది నిమిషములలో ముగియుచున్నది. గంటలే అమ్మినచో నేర్పు పెరిగినకొలది నా రాబడి తరుగును. కావున నా గంటవెలను నా డైరీలోనే యుంచుకొని, పనివెలను మాత్రము బయట చెప్పుచున్నాను. సమావేశములకును, అంతులేని మార్పులకును మాత్రము గంటల చొప్పుననే.

పంకా తిరుగనారంభించిన నాటి సాయంకాలమే ఫోను మ్రోగినది. “రెండు పేజీలే కదండీ, చూసి ఇవ్వండి” అనెను అవతలి పెద్దమనిషి. వెల చెప్పితిని, గొంతు కొంచెము వణికినమాట దాచను. అతడు, “మావాళ్లతో మాట్లాడి చెబుతాను” అని పెట్టివేసెను. మూడవనాడు కాగితములు వచ్చినవి. లెక్కింపగా నాలుగు పుటలు.