క్యూసెక్కుల ఇంజనీరు ఓటడగడానికి ఎందుకెళ్ళాడు?

మొన్న శనివారం ఊరికెళ్ళాను. మాది యాచారం. హైదరాబాదు నుంచి సాగర్ రోడ్డు పట్టుకుని ఇబ్రహీంపట్నం దాటితే వచ్చేస్తుంది. ఇప్పుడు మా దగ్గర ఎవర్ని కదిలించినా ఫ్యూచర్ సిటీ ముచ్చటే. 2025లో ప్రభుత్వం ఏడు మండలాల్లోని 56 గ్రామాలు కలిపి దీనికో అభివృద్ధి సంస్థని పెట్టింది. మా మండలం కూడా అందులో ఉంది. ఫోన్లో మ్యాప్ తీసి, రోడ్డు ఎటునుంచి రావచ్చో ఉత్సాహంగా చూపిస్తుంటే మా నాయిన ఒకటే అడిగాడు.

"గీతలు గీసేటోళ్ళు మీ ఇంజనీర్లే గదరా. గీసే ముందు ఒక్కడన్న మన వాకిట్లకొచ్చి అడిగిండా?"

నా దగ్గర జవాబు లేదు. ఫోన్ జేబులో పెట్టేసుకున్నాను.

మన ఆఫీసుల్లో లంచ్ టైములో రాజకీయాల మాటొస్తే చివరికి తేలేది ఒకటే... "చదువుకున్నవాళ్ళు, అందులోనూ ఇంజనీర్లు రావాలి బాస్, అప్పుడే బాగుపడుతుంది". నేనూ ఎన్నోసార్లు అన్నాను. సరే, నిజంగా వచ్చినాయన ఒకాయన ఉన్నారు. మా రోడ్డుకి పేరు తెచ్చిన డ్యాం వెనక ఉన్నది కూడా ఆయనే.

కానూరి లక్ష్మణరావు, అంటే కె.ఎల్.రావు. 1902లో కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టారు. 1939లో బర్మింగ్‌హామ్‌లో పీహెచ్‌డీ చేశారు. తర్వాత కేంద్ర జల విద్యుత్ కమిషన్‌లో డిజైన్లు చూశారు. నాగార్జునసాగర్‌ని కాంక్రీటుతో కాకుండా రాతితో కట్టాలన్న వాళ్ళలో ఆయన ముఖ్యులు. రాతితో అయితే బయటినుంచి యంత్రాలు తెప్పించే ఖర్చు తగ్గుతుంది, ఇక్కడి కూలీలకి పని దొరుకుతుంది. 1955లో నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967లో ఇందిరాగాంధీ కాలువలకి నీళ్ళు వదిలారు.

ఇంతవరకూ రెజ్యూమె. ఇక్కడితో రిటైరైపోయినా ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. కానీ అరవై దగ్గరపడ్డాక ఆయన విజయవాడలో ఓట్లడగడానికి వెళ్ళారు. 1962, 67, 71... మూడుసార్లు లోక్‌సభకి గెలిచారు. 1963లో కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్ శాఖల మంత్రి అయ్యారు. 1978లో వచ్చిన ఆయన ఆత్మకథ పేరు 'ద క్యూసెక్స్ కాండిడేట్'. నీళ్ళని క్యూసెక్కుల్లో లెక్కేసే మనిషి కాండిడేట్ కావడం... ఆ పేరు చూడగానే నాకు నవ్వొచ్చింది, తర్వాత ఆలోచనొచ్చింది.

ఆయన్ని దేవుణ్ణి చెయ్యక్కర్లేదు. 1972లో గంగా కావేరీ అనుసంధానం ప్రతిపాదించారు. పట్నా దగ్గర గంగ వరద నీళ్ళు తీసుకుని, 2,600 కిలోమీటర్ల పైచిలుకు కాలువతో దక్షిణాదికి తేవాలని. ఖర్చు, నీళ్ళు ఎత్తిపొయ్యడానికి కావాల్సిన కరెంటు చూసి అది ముందుకు కదల్లేదు. మన భాషలో చెప్పాలంటే డయాగ్రమ్ అద్భుతం, ప్రొడక్షన్‌కి వెళ్ళలేదు. ఇంజనీరు మంత్రి అయినంత మాత్రాన గీసిన ప్రతి గీతా కాలువ అవదు. అవకూడదు కూడా.

మా ఊరి సంగతే చూడండి. సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. మా నేలలు అంతకంటే చాలా ఎత్తు, కాబట్టి సాగర్ కాలువ మాకు రాదు. భౌతికశాస్త్రం, ఎవర్నీ తిట్టడానికి లేదు. కానీ అవే కృష్ణా నీళ్ళు పంపుల మీద పైకెక్కి, మా మండలంలోని గున్‌గల్ రిజర్వాయర్‌కొచ్చి, పైపుల్లో హైదరాబాదు వెళ్తున్నాయి. నీళ్ళు ఎంత ఎత్తుకి ఎక్కించగలం అన్నది ఇంజనీరింగ్ ప్రశ్న. ఎవరికోసం ఎక్కించాలి అన్నది కాదు. ఆ రెండో ప్రశ్నకి జవాబు చెప్పే హక్కు డిగ్రీ వల్ల రాదు. అడిగితే వస్తుంది.

"ఒక యాప్ చేస్తే సరిపోతుంది" అనే మిత్రులకి బ్యాంకాక్ ముచ్చట చెప్పాలి. 2022లో చచ్చార్త్ సిట్టిపున్ అనే సివిల్ ఇంజనీరు స్వతంత్రుడిగా నిలబడి, 13 లక్షలకు పైగా ఓట్లతో ఆ నగర గవర్నరయ్యాడు. గుంత కనపడితే ఫొటో తీసి పంపే ట్రాఫీ ఫాండ్యూ అనే ఏర్పాటు ఆయన హయాంలో బాగా పేరు తెచ్చుకుంది. అయితే అది ఆయన గెలవక ముందునుంచే ఉంది! కోడ్ కొత్తగా రాలేదు. ఫిర్యాదుకి జవాబు చెప్పాల్సిన మనిషి వచ్చాడు, అంతే.

అభివృద్ధి సంస్థకి ఎన్నికలుండవు. పంచాయతీకి ఉంటాయి. పోయినసారి మా వార్డుకి నన్ను నిలబడమని చిన్ననాటి దోస్తులు అడిగారు. రిలీజ్ ఉంది, లీవు దొరకదు అన్నాను. అబద్ధం కాదు, కానీ అసలు కారణం అది కూడా కాదు. గడప గడపకీ వెళ్ళి, నన్ను చిన్నప్పట్నుంచీ ఎరిగినవాళ్ళ ముందు చేతులు కట్టుకుని నిలబడాలంటే సిగ్గేసింది. ఓడిపోతే ఇంకా సిగ్గు. డ్యాం డిజైన్ చేసినాయనకి లేని సిగ్గు, నెలకి రెండు బగ్గులు సరిచేసే నాకెందుకో!

ఈసారి నిలబడతానని ప్రతిజ్ఞలు చెయ్యను. కానీ వచ్చే శనివారం మ్యాప్ పట్టుకుని మా గల్లీలో నాలుగిళ్ళకి వెళ్తాను. చూపించడానికి కాదు, అడగడానికి. మా నాయిన వాకిలితోనే మొదలు.