మూసీనీటికి ఏ కొలత?

హైదరాబాదు మురుగు గలసిన మూసీనీటితో దిగువ గ్రామముల రైతులు వరియు, పశుగ్రాసమును పండించుచున్నారు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలివారు నదీజలములకు నిర్ణయించిన ఐదు తరగతులలో సేద్యపు నీరు కడపటిది. అందు ఆమ్లక్షార ప్రమాణము 6.0 మొదలు 8.5 వఱకు నుండవలయును. ఉప్పులు, సోడియము, బోరాను మితిమీఱరాదు. ఇవి నేలను, పైరును గాచు కొలతలు.

మడిలో మోకాలిలోతున నిలిచి నాట్లు వేయువారి మాటయేమి? మురుగుక్రిములను గూర్చి ఆ తరగతిలో నియమమే లేదు. ధాన్యమునకు, పశుగ్రాసమునకు వాడు మురుగునీటిలో లీటరునకు ఒక్క నులిపురుగు గ్రుడ్డుకంటె మించియుండరాదని, పొలము పనివారి క్షేమముకొఱకు ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 1989లోనే సూచించిరి.

సోదర సభ్యులారా! ‘సేద్యమునకు దగును’ అను ఒక్కమాటతో తృప్తి నొందకుడు. క్రిముల పరీక్షయు జరిపి, ఫలితములను నాట్లకు ముందే తెలుగున దెలుపవలయునని ప్రతి సంఘమును తీర్మానించి రాష్ట్ర మండలికి బంపుట యుక్తము. పైరు బ్రతికి రైతు రోగియైన నది లాభము గాదు.