విద్యుద్రంపము – తొందరపాటు

పటమునకు చట్రము కట్టుటకు నాలుగు మూలలను 45 డిగ్రీల యేటవాలుగా కోయవలయును. చేతిరంపముతో శ్రమపడి సాధించెడి యీ పనిని విద్యుద్రంపము ఱెప్పపాటులో చేసిపెట్టును. అందుచేతనే బాలురకు దానియందు మక్కువ. అందుచేతనే మాకు భయము.

10 అంగుళముల చక్రము నిమిషమునకు 5000 మారుల వఱకు తిరుగును. అట్టి వేగమున దాని పండ్లు సెకండునకు 200 అడుగులకు పైగా పరువెత్తును. చేయి వెనుకకు తీయుటకు వ్యవధి యెక్కడిది? కావున చేయి ముందే ఆరంగుళముల యెడముగా నుండవలయును. కఱ్ఱను వెనుక పలకకు ఆనించి బిగింపవలయును. కన్నులకు అద్దములు వలయును. వ్రేలాడు వస్త్రములును, చేతితొడుగులును కూడవు. మీట విడిచిన పిమ్మటను చక్రము కొన్ని సెకండులు తిరుగును. అది పూర్తిగా నిలుచువఱకు రంపము నెత్తరాదు, తునకను ముట్టరాదు.

మా యభిప్రాయమేమనగా, విద్యార్థికి మొదట కోతగాక శుభ్రపఱచుట నేర్పవలయును. ప్లగ్గు నూడదీసి, పొట్టును తుడిచి, పండ్లకంటిన బంకను తొలగించి, మొక్కవోయిన చక్రమును గుర్తించి, రంపము నెత్తగానే తొడుగు తనంతట మూసికొనుచున్నదో లేదో పరీక్షించినవాడే దాని స్వభావ మెఱుగును. పనికి అడ్డమని తొడుగును కట్టివేయువాడు ఎంత నేర్పరియైనను రంపము ముట్టుటకు అర్హుడు కాడు.

ఇందువలన పాఠము ఆలస్యమగునని కొందఱందురు. కానిండు. చెడిన చట్రమును మరల చేయవచ్చును; తెగిన వ్రేలిని ఏ వడ్రంగియు అతుకజాలడు.