పెళ్లి రుసుములో ఆడపిల్ల వాటా

మొన్న తాండూరులో ఓ పెళ్లికి వెళ్లాను. ఫంక్షన్ హాలు బయట నాపరాళ్ల అరుగు మీద పెళ్లికూతురి పిన్ని ఒక్కతే కూర్చుంది. "కొడ్తుండక్కా... ఎవరికి చెప్పుకోవాలె?" అంది మెల్లగా. లోపల పంక్తిలో వడ్డిస్తున్న రకాలకు లెక్కే లేదు.

ఆమెకు చెప్పడానికి నా దగ్గరున్నవి రెండే. 181 నంబరు, వికారాబాద్‌లో జిల్లా మొత్తానికి ఒక్క సఖి కేంద్రం. చంటిపిల్లనెత్తుకుని, కూలి పోగొట్టుకుని, మొగుడికి తెలియకుండా దాదాపు 40 కిలోమీటర్లు వెళ్లిరావాలి!

పెళ్లి నమోదు మనకు 2002 చట్టంతోనే తప్పనిసరైంది. కల్యాణలక్ష్మి సాయాన్ని 2018లో 1,00,116 రూపాయలకు పెంచారు. మంచిదే. అయితే ఇదంతా తాళి కట్టేదాకానే కదా!

కాలిఫోర్నియాలో ప్రతి పెళ్లి లైసెన్సు రుసుములోంచి 23 డాలర్లు, ఇంట్లో దెబ్బలు తిన్నవాళ్లకు ఆశ్రయమిచ్చే కేంద్రాలకు వెళతాయి. మన నమోదు రుసుములోనూ కొంత తీసి తాండూరులో ఒక సలహా కేంద్రం, రాత్రిపూట తలదాచుకోవడానికి రెండు గదులు పెట్టలేమా? రుసుము పెంచితే బీదవాళ్లు నమోదే మానేస్తారంటారు. నిజమే, వాళ్ల మీద పైసా వేయొద్దు. పెద్ద హాళ్లలో చేసేవాళ్ల దగ్గర తీసుకోండి. ఒక స్వీటు తగ్గితే పెళ్లి ఆగదు (మా ఇంటి పెళ్లిలో నేనే తగ్గిస్తాను). ఆ సొమ్ము మాత్రం హైదరాబాద్ ఖజానాలో కలిసిపోకూడదు. ఏటా ఎంత వచ్చిందో, ఎంత ఖర్చయిందో మునిసిపల్ ఆఫీసు గోడ మీద రాసిపెట్టాలి.