కుట్లు మానాక మళ్లీ చీము.. టీబీ మందులు వాడినా ఎందుకు తగ్గట్లేదు?

గాల్‌బ్లాడర్‌లో రాళ్లు, హెర్నియా, గర్భసంచి సమస్య.. చాలావాటికి ఇప్పుడు పొట్ట కోసే పనిలేదు. మూడు నాలుగు చిన్న రంధ్రాలతో ల్యాప్రోస్కోపీ, ఒకట్రెండు రోజుల్లో డిశ్చార్జ్. కుట్లూ చక్కగా మానిపోతాయి. కానీ కొందరికి కొన్ని వారాల తర్వాత రంధ్రం పెట్టిన చోటే చిన్న గడ్డ లేస్తుంది. పగిలి నీళ్లలాంటి చీము కారుతుంది. జ్వరం పెద్దగా ఉండదు. యాంటీబయాటిక్స్ కోర్సు మీద కోర్సు వాడినా తగ్గదు. ఒకచోట మూసుకుంటే పక్కనే ఇంకోటి తెరుచుకుంటుంది.

ఇలాంటి మొండి పుండు వెనక తరచుగా ఉండేది ఎన్‌టీఎం. టీబీ క్రిమికి దాయాదులే కానీ టీబీ తెచ్చేవి కావు. టీబీ మనిషి నుంచి మనిషికి గాలిలో వస్తుంది. ఇవి మాత్రం మట్టిలో, నీళ్లలో, కుళాయి పైపుల లోపలి పాచిలో బతుకుతాయి. క్లోరిన్‌కూ ఓ పట్టాన లొంగవు. ఎక్కువగా పట్టేది ఊపిరితిత్తులనే. అయితే ఆపరేషన్, ఇంజెక్షన్, టాటూ.. ఇలా చర్మానికి పడిన గాటు దొరికితే అక్కడా పాగా వేస్తాయి.

మరి ఆపరేషన్ థియేటర్‌లోకి ఎలా వస్తాయి? ల్యాప్రోస్కోపీ పరికరాలు సన్నగా, పొడవుగా, లోపల గొట్టాలతో ఉంటాయి. వాటిలో కొన్ని ఆటోక్లేవ్ వేడికి తట్టుకోవు. అందుకే 2 శాతం గ్లుటరాల్డిహైడ్ ద్రావణంలో ముంచి తీస్తారు. పూర్తిగా స్టెరిలైజ్ కావాలంటే దాదాపు 10 గంటలు ఉంచాలి. ఒకే సెట్టు, ఒకేరోజు ఐదారు ఆపరేషన్లు ఉన్నచోట అంత టైమ్ ఎక్కడిది? 20 నిమిషాలకే బయటకు తీస్తారు. ఆ తర్వాత కడిగే నీళ్లు స్టెరైల్ కాకపోతే ముంచిందంతా వృథానే.

బ్రెజిల్‌లో జరిగింది చూస్తే ఈ మాట తేలిగ్గా తీసుకోలేం. 2006-07లో ఒక్క రియో డి జనీరో రాష్ట్రంలోనే 63 ఆసుపత్రుల నుంచి 1,051 అనుమానిత కేసులు బయటపడ్డాయి. ఎక్కువమంది కెమెరా ఆపరేషన్లు చేయించుకున్నవాళ్లే. అక్కడ దొరికిన క్రిమి 2 శాతం గ్లుటరాల్డిహైడ్‌నూ తట్టుకుంది! చివరికి 2009లో ఈ ఆపరేషన్ల పరికరాలను ద్రావణంలో ముంచి స్టెరిలైజ్ చేసే పద్ధతినే అక్కడి ప్రభుత్వం నిషేధించింది.

మన దేశంలో ఇంకో చిక్కు ఉంది. మైక్రోస్కోప్ కింద టీబీ, ఎన్‌టీఎం ఒకేలా కనిపిస్తాయి. బయాప్సీ రిపోర్టూ దగ్గర దగ్గరగానే ఉంటుంది. టీబీ ఎక్కువున్న దేశం కదా, వెంటనే టీబీ కోర్సు మొదలైపోతుంది. కానీ ఈ పుండ్లలో తరచూ కనిపించే అబ్‌సెసస్, కెలోనే రకాలకు ఆ మందులు పనిచేయవు. నెలలు గడుస్తాయి, లివర్ మీద భారం పడుతుంది, పుండు అలాగే ఉంటుంది.

దారి లేకపోలేదు. జీన్‌ఎక్స్‌పర్ట్ టెస్టు టీబీ క్రిమినే పడుతుంది. స్మియర్ పాజిటివ్ వచ్చి ఇది నెగెటివ్ వస్తే ఎన్‌టీఎంను అనుమానించాలి. చీము లేదా కణజాలాన్ని మైకోబ్యాక్టీరియా కల్చర్‌కు పంపి, ఏ రకమో తేల్చాలి. మామూలు చీము కల్చర్‌ను రెండు మూడు రోజుల్లో ముగిస్తే ఇది దొరక్కపోవచ్చు. రకాన్ని బట్టి క్లారిత్రోమైసిన్, అమికాసిన్ లాంటివి కలిపి, చాలాసార్లు నాలుగు నెలలు, అంతకు మించి వాడాల్సి వస్తుంది. కొందరికి పుండు దారిని కోసి తీసేయాలి కూడా.

టీబీ కేసు వస్తే ప్రభుత్వానికి చెప్పడం 2012 నుంచి తప్పనిసరి. ఎన్‌టీఎంకు ఆ నిబంధన లేదు. పుండు మానని పేషెంట్ మొదటి ఆసుపత్రి మీద నమ్మకం పోయి ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్తాడు. ఒకే థియేటర్‌లో ఒకే వారం ఆపరేషన్ చేయించుకున్న ఐదుగురు ఐదు చోట్లకు వెళ్తే, ఆ ఐదు కేసుల మూలం ఒకటేనని ఎవరికీ తెలియదు. ఆ థియేటర్‌లో పరికరాలు మర్నాడూ అదే నీళ్లలో కడుగుతూనే ఉంటారు.