చదువుల బాకీ – 6 : దీవెన అనకండి, బకాయి అనండి

మొన్న గురువారం సాయంత్రం బస్టాపులో ఒకామె నా కోసం కాచుకుని ఉంది. పలాస దగ్గర పల్లె. జీడిపిక్కలు కొట్టి పప్పు తీసే పని. జీడి జిడ్డుకి వేళ్లన్నీ నల్లగా కాలిపోయి ఉన్నాయి. మా అమ్మ వైపు వరస, నేను అప్పా అంటాను. కూతురు ఓ ప్రైవేటు కాలేజీలో బీటెక్ పూర్తి చేసింది. విశాఖలో ఉద్యోగం వచ్చింది. పదో తేదీలోపు ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించాలి. కాలేజీ ఇవ్వనంటోంది. "రెండు విడతల ఫీజు గవర్నమెంటు నుంచి రాలేదు. 34 వేలు కట్టి పట్టుకెళ్లండి. వాళ్లు వేసినప్పుడు మీకు తిరిగిచ్చేస్తాం" అన్నారట.

అప్ప నన్ను ఒక్కటే అడిగింది. "ఏటి తల్లీ, గవర్మెంటోళ్లు కట్టాల్సిన డబ్బులకి నా గుంటని ఆపడమేటి? ఆళ్లకి నానేటి బాకీ ఉన్నాను?"

ఈ భాగం మొత్తం ఆ ప్రశ్న గురించే.

మా తాత కంబారి. ఏడాదికి ఇన్ని గింజలని ఒక రైతు దగ్గర కుదిరేవాడు. ఒక కరువేడాది తెచ్చుకున్న ధాన్యం తీర్చలేక మా పెదనాన్నని ఆ ఇంట్లో పశువుల కాడ పెట్టాడు. అప్పు తీరేదాకా పిల్లాడు తాకట్టు. పెదనాన్న బడి ముఖం చూడకపోవడానికి కారణం అదే. ఇప్పుడు మన పిల్లలు బడికెళ్లారు, కాలేజీకెళ్లారు, ఇంజనీర్లయ్యారు. తాకట్టు మాత్రం పోలేదు. అప్పుడు మనిషిని పెట్టుకునేవారు, ఇప్పుడు మనిషి సర్టిఫికెట్ పెట్టుకుంటున్నారు. ఒక తేడా ఉంది. మా తాత నిజంగానే అప్పు చేశాడు. ఈ తల్లి ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు.

అసలు ఈ డబ్బు ఎలా నడుస్తుందో చూద్దాం. చాలామంది తల్లిదండ్రులకి ఇది ఎవరూ చెప్పరు.

ఎస్సీ విద్యార్థికి పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో రెండు ముక్కలుంటాయి. ఒకటి కాలేజీ ఫీజు, దాన్ని ఆఫీసుల్లో ఆర్‌టీఎఫ్ అంటారు. రెండోది తిండికీ, వసతికీ ఇచ్చేది, ఎంటీఎఫ్. పిల్ల జ్ఞానభూమిలో దరఖాస్తు పెట్టాలి. కులం, ఆదాయం, ఆధార్, బ్యాంకు ఖాతా, హాజరు అన్నీ కలవాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా సచివాలయం చుట్టూ తిరగాలి. ఇన్ని పరీక్షలు పాసయ్యాక ప్రభుత్వం "అర్హురాలు" అంటుంది. ఆ మాట అన్న క్షణం నుంచి ఆ ఫీజు ప్రభుత్వం బాధ్యత. ఇందులో అనుమానమేమీ లేదు.

2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఈ పథకానికి ఐదేళ్లకి 59,048 కోట్లు ఆమోదించింది. ఖర్చులో 60 శాతం కేంద్రానిది, 40 శాతం రాష్ట్రానిది అంది. తర్వాత వచ్చిన మార్గదర్శకాల్లో ఒక షరతు ఉంది. రాష్ట్రం తన వాటా ముందు విడుదల చేయాలి. అప్పుడే కేంద్రం తన వాటాని నేరుగా విద్యార్థి ఖాతాలో వేస్తుంది. అంటే అమరావతిలో 40 ఆగితే ఢిల్లీలో 60 కూడా ఆగుతుంది. రాష్ట్రాన్ని కదిలించడానికి పెట్టామంటారు. రాష్ట్రం కదలకపోతే శిక్ష ఎవరికి? మంత్రికా, సెక్రటరీకా? పలాసలో జీడిపిక్కలు కొట్టే తల్లికి.

పార్టీల సంగతి. నన్ను ఏ రంగులోనూ ముంచకండి, నేను నీలం. ఒక ప్రభుత్వం తల్లి ఖాతాలో వేసి, తీసుకెళ్లి కాలేజీలో కట్టమంది. ఇంకో ప్రభుత్వం వచ్చి నేరుగా కాలేజీకే వేస్తామంది. దారి మారింది, ఆలస్యం మారలేదు. ఇవాళ అధికారంలో ఉన్నవాళ్లు "పాత బకాయిలు వాళ్లవి" అంటారు. ప్రతిపక్షంలో ఉన్నవాళ్లు "మేమైతే ఇచ్చేవాళ్లం" అని ర్యాలీలు తీస్తారు. 2020 డిసెంబరులో జీవో 77 తెచ్చి ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్లకి ఈ సాయం ఆపేసింది వాళ్లే కదా. దాన్ని రద్దు చేస్తామని ఎన్నికల ముందు ఊరూరా చెప్పింది వీళ్లు కదా. ఇచ్ఛాపురం ఆడపిల్ల పీజీ చదవాలంటే ఎచ్చెర్లలో అంబేద్కర్ యూనివర్సిటీకి రావాలి. సీటు రాకపోతే, హాస్టల్ దొరక్కపోతే, ఇంటి దగ్గర ప్రైవేటు పీజీ కాలేజీయే గతి. జీవో 77 ఆ తలుపు మూసింది. జీవో రాసినవాళ్ల మ్యాపులో ఇచ్ఛాపురం ఉందో లేదో నాకైతే అనుమానమే.

నేను తెలుగు పాఠం చెప్పేదాన్ని. మాటల దగ్గర ఆగడం నాకు అలవాటు. స్కాలర్‌షిప్‌ని మన ప్రభుత్వాలు తెలుగులో ఏమన్నాయి? ఉపకార వేతనం. ఎవరికి ఎవరు చేస్తున్న ఉపకారం? తర్వాత విద్యా దీవెన అన్నారు, వసతి దీవెన అన్నారు. దీవెన ఎవరిస్తారు? పైనున్నవాడు కిందున్నవాడి తల మీద చెయ్యి పెట్టి ఇస్తాడు. ఇవ్వకపోతే అడగడానికి లేదు, దణ్ణం పెట్టి నిలబడాలి. బకాయి అన్నారనుకోండి, అప్పుడు నిలబడాల్సింది వాళ్లు. అందుకే ఆ మాట పథకాల పేర్లలో ఎప్పుడూ రాదు.

ఈ పథకం ఎవరి దయ వల్ల పుట్టిందో కూడా చెప్పుకుందాం. బాబాసాహెబ్ 1913లో కొలంబియా వెళ్లింది బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో, నెలకి పదకొండున్నర పౌండ్లు. రాజు మంచివాడు కాబట్టి ఒక అంబేద్కర్ వెళ్లగలిగాడు. రాజు మంచివాడు కాకపోతే? వైస్రాయ్ కౌన్సిల్‌లో సభ్యుడయ్యాక 1942లో ఆయన షెడ్యూల్డు కులాల ఫిర్యాదులతో ఒక మెమొరాండం ఇచ్చాడు. అలీగఢ్, బెనారస్ విశ్వవిద్యాలయాలకి ఇస్తున్న గ్రాంట్లు చూపించి, మా పిల్లల చదువుకేదీ అని అడిగాడు. ఏడాదికి 3 లక్షలు సాధించాడు. 1944 నుంచి పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ నడుస్తోంది. స్వతంత్రం కంటే, రాజ్యాంగం కంటే పాతది ఇది. ఇవాళ ఫ్లెక్సీల మీద తమ బొమ్మ వేసుకునే ఏ నాయకుడూ అప్పటికి పుట్టలేదు.

ఇక ఆదాయ పరిమితి. కేంద్ర పథకంలో 2013-14 నుంచి ఏడాదికి రెండున్నర లక్షలే. నెలకి 20,833 రూపాయలు. ఇంట్లో ఇద్దరు పనిచేస్తే తలకి పది వేల చిల్లర. తల్లి మున్సిపాలిటీలో ఊడ్చి, తండ్రి ఆటో తోలితే ఆ ఇల్లు "ఉన్నవాళ్ల" ఇల్లయిపోతుంది. 2019లో అగ్రకుల పేదలకి పది శాతం రిజర్వేషన్ ఇచ్చినప్పుడు పేదరికం గీత ఎక్కడ గీశారు? 8 లక్షల దగ్గర. అది రిజర్వేషన్, ఇది స్కాలర్‌షిప్ అని తేడా చెప్తారు. తెలుసు. కానీ పేద అనే మాటకి ఒకే దేశంలో రెండు తూకం రాళ్లు ఎలా ఉంటాయి?

మా స్టాఫ్ రూములో ఒకాయన ఎప్పుడూ అంటుంటాడు, "మీకేంటండీ, అంతా ఫ్రీ." మాస్టారూ, ఒక్క లెక్క చూడండి. ఆ ఫీజు మా ఇంటికి రాదు. కాలేజీ యాజమాన్యానికి పోతుంది. 2008 తర్వాత ఈ రాష్ట్రంలో ఎన్ని ప్రైవేటు కాలేజీలు మా పిల్లల ఫీజు మీద గోడలు లేపుకున్నాయో మీకు తెలుసు. మా పిల్లల పేరు మీద డబ్బు వస్తున్నంత కాలం ఊళ్లకి బస్సులేసుకుని వచ్చి చేర్చుకుంటారు. డబ్బు ఆలస్యమైతే అదే పిల్లని ఆఫీసు రూము బయట నిలబెడతారు. యాజమాన్యం ప్రభుత్వం మీద కోర్టుకి వెళ్లొచ్చు, ధర్నా చేయొచ్చు. అందుకు ధైర్యం చాలదు. తిరిగి మాట్లాడలేని పిల్ల మీద చాలుతుంది.

నన్నూ ఒకసారి ఇలాగే నిలబెట్టారు. పీజీలో స్కాలర్‌షిప్ రాలేదని, మెస్ బిల్లు కట్టలేదని, పరీక్షకి ముందు రోజు హాల్ టికెట్ ఆపారు. మా అమ్మ కాళ్ల కడియాలు అమ్మింది. ఆ డబ్బు ఏడాదిన్నర తర్వాత వచ్చింది. కడియాలు రాలేదు.

గురజాడ కన్యాశుల్కంలో వెంకటేశం చదువు ఖర్చు మీద మొగుడు రంకెలేస్తే వెంకమ్మ ఏమంటుంది? పుట్టింటివాళ్లు పసుపు కుంకానికిచ్చిన భూమి అమ్మయినా కొడుకుని చదివిస్తానంటుంది. విజయనగరం నాటకం మనది, గొప్పది, నేనే పాఠం చెప్తాను. చెప్పిన ప్రతిసారీ అనుకుంటాను, మా అమ్మలకి అమ్మడానికి భూమేదీ? ఆ భూమి బదులే ఈ స్కాలర్‌షిప్. తరతరాలు దున్నించుకుని చారెడు నేల ఇవ్వని సమాజం కట్టాల్సిన పాత బాకీలో ఒక చిన్న వాయిదా.

వాయిదా ఆగితే ఏమవుతుందో మనకి తెలుసు. రోహిత్ వేముల ఫెలోషిప్ 2015 జూలై నుంచి ఆగిపోయింది. 2016 జనవరి 17న అతను మనల్ని విడిచి వెళ్లేనాటికి ఏడు నెలల డబ్బు, 1 లక్షా 75 వేలు రావాలి. తనకి రావాల్సిందీ, తాను ఒక స్నేహితుడికి ఇవ్వాల్సిందీ చివరి ఉత్తరంలో లెక్క రాసి వెళ్లాడు. అతని లెక్క సరిగ్గానే ఉంది. లెక్క తప్పింది ఎవరో అందరికీ తెలుసు.

కాబట్టి తల్లిదండ్రులకీ, పిల్లలకీ నాలుగు మాటలు. ఒకటి, ఫీజు పేరుతో ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోవడానికి కాలేజీకి హక్కు లేదు. యూజీసీ 2018 అక్టోబరులోనే ఈ సంగతి చెప్పింది. రెండు, "కట్టి పట్టుకెళ్లండి" అన్నవాళ్లని ఆ మాట కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. చాలాచోట్ల అక్కడే గొంతు మారుతుంది. మారకపోతే ఆ కాలేజీ పేరుతో కలెక్టరేట్ స్పందనలోనో, గ్రీవెన్సులోనో, ఈ వారం దాన్ని ఏ పేరుతో పిలుస్తున్నారో అందులో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. మూడు, ముందుగా ఫీజు కట్టకుండా కాలేజీలో చేరడానికి ఫ్రీషిప్ కార్డు ఇవ్వొచ్చని కేంద్ర మార్గదర్శకాల్లోనే ఉంది. మా జిల్లాలో అదెక్కడ అని సాంఘిక సంక్షేమ శాఖని అడగండి. నాలుగు, మీ కాలేజీకి ఏ ఏడాది ఎంత రావాలి, ఎంత వచ్చిందని సమాచార హక్కు కింద పది రూపాయలతో అడగండి.

అప్ప సంగతి. శుక్రవారం ఆమెతో పాటు నేనూ, ఇద్దరు పాత విద్యార్థులూ ఆ కాలేజీకి వెళ్లాం. రాసివ్వమన్నాం. రెండు గంటలు కూర్చోబెట్టారు. సాయంత్రం నాలుగింటికి సర్టిఫికెట్లు ఇచ్చారు. ఒక్క రూపాయి కట్టలేదు. బయటికొచ్చాక అప్ప కవరు గుండెకి ఆనించుకుని, "మరి మాతోపాటు వరసలో నిలబడ్డ గుంటల మాటేటి తల్లీ?" అంది.

నలుగురున్నారు ఆ వరసలో. సోమవారం మళ్లీ వెళ్తున్నాం. దగ్గర్లో ఉన్నవాళ్లు ఇన్‌బాక్స్‌లో చెప్పండి, కలిసి వెళ్దాం.

జై భీమ్.

(వచ్చే ఆదివారం ఏడో భాగం : సంక్షేమ హాస్టల్ మెస్ చార్జీలు)