సగం మాటే విన్న స్టూడియో

2016 మార్చిలో 'బ్యాట్‌మ్యాన్ వర్సెస్ సూపర్‌మ్యాన్' విడుదలైంది. అమెరికాలో మొదటి వారాంతంలోనే 16.6 కోట్ల డాలర్లు వసూలు చేసింది. రెండో వారాంతానికి ఆ వసూళ్లు దాదాపు 69 శాతం పడిపోయాయి. సినిమా చూసినవాళ్లు ముఖ్యంగా రెండు మాటలన్నారు. సినిమా ఆసాంతం చీకటిగా, బరువుగా ఉందనీ, ఒక్క నవ్వు కూడా లేదనీ మొదటిది. ఎవరు ఏ పని ఎందుకు చేస్తున్నారో అర్థం కావడం లేదన్నది రెండోది. సినిమా తీసిన స్టూడియో వార్నర్ బ్రదర్స్ మొదటి మాట చెవికెక్కించుకుంది, రెండోది వదిలేసింది. ఏడాదిన్నర తర్వాత వచ్చిన 'జస్టిస్ లీగ్' తలరాత అక్కడే ఖరారైంది.

ఆ రెండో మాట ఎంత నిజమో స్టూడియోకి తెలియక కాదు. 151 నిమిషాల ఆ సినిమాకే మరో అరగంట కలిపి, 182 నిమిషాల వెర్షన్‌ను అదే ఏడాది వీడియో రూపంలో విడుదల చేశారు. నిడివి పెరిగింది, గందరగోళం తగ్గింది. కథ ఇప్పుడు అర్థమైందని చాలామంది ప్రేక్షకులు చెప్పారు. అంటే జనాన్ని ఇబ్బంది పెట్టింది పొడవు కాదు, కోత. అంత స్పష్టమైన తీర్పు చేతిలో ఉండగా 'జస్టిస్ లీగ్' మాత్రం రెండు గంటలు దాటకూడదని పై నుంచి ఆదేశం వచ్చింది.

ఈ కథకు రెండు గంటలు ఎందుకు చాలవో చెప్పడానికి పక్కనే 'అవెంజర్స్' ఉంది. 2012లో ఆ సినిమా వచ్చేసరికి మార్వెల్ అప్పటికే ఐదు సినిమాలు తీసింది. ఐరన్ మ్యాన్ ఎవరో, థోర్ ఎవరో, కెప్టెన్ అమెరికా గతమేంటో జనానికి తెలుసు. వాళ్లను ఒకచోట చేర్చి కలహం పెడితే చాలు, సినిమా నడిచిపోతుంది. 'జస్టిస్ లీగ్' సంగతి వేరు. బ్యాట్‌మ్యాన్, సూపర్‌మ్యాన్, వండర్ ఉమన్‌లకు పరిచయం అక్కర్లేదు. ఫ్లాష్, ఆక్వామ్యాన్, సైబోర్గ్‌ల పేరుతో అప్పటికి ఒక్క సినిమా కూడా రాలేదు. వాళ్ల గతం, బాధ, బలం అన్నీ ఈ సినిమాలోనే చెప్పాలి. నిడివి కత్తిరిస్తే దెబ్బ ఎవరి మీద పడుతుందో వేరే చెప్పాలా?

2017 మేలో దర్శకుడు జాక్ స్నైడర్ తప్పుకున్నారు. అంతకు రెండు నెలల ముందే ఆయన కూతురు ఆటమ్ ఆత్మహత్య చేసుకుంది. ఆ దుఃఖంలో స్టూడియోతో పేచీ పడే ఓపిక ఏ తండ్రికి ఉంటుంది? 'అవెంజర్స్' తీసిన జాస్ వీడన్‌కు పగ్గాలిచ్చి భారీగా రీషూట్లు చేశారు. జోకులు చేర్చారు, రంగులు పెంచారు, సంగీత దర్శకుణ్ణి కూడా మార్చారు. ఆ సమయంలో సూపర్‌మ్యాన్‌గా నటించిన హెన్రీ కావిల్ 'మిషన్ ఇంపాసిబుల్' కోసం మీసం పెంచి ఉన్నాడు. దాన్ని తీయడానికి పారమౌంట్ ఒప్పుకోలేదు. అలాగే షూట్ చేసి, మీసాన్ని కంప్యూటర్‌లో చెరిపేశారు. సినిమా మొదలయ్యేదే పిల్లలు సెల్‌ఫోన్లో వీడియో తీస్తూ సూపర్‌మ్యాన్‌ను ప్రశ్నలు అడిగే దృశ్యంతో. అందులో ఆయన పైపెదవి బిగుసుకుపోయి, ఎవరిదో తెచ్చి అతికించినట్టుంటుంది. తొలి నిమిషంలోనే ప్రేక్షకుడి కళ్లు కథను వదిలి ఆ పెదవి మీదకు పోయాయి.

2017 నవంబర్ 17న విడుదలైన ఈ సినిమాకు అమెరికాలో తొలి వారాంతం వసూళ్లు 9.4 కోట్ల డాలర్లు. బాగా లేదని తిట్టించుకున్న 'బ్యాట్‌మ్యాన్ వర్సెస్ సూపర్‌మ్యాన్' ఓపెనింగ్స్‌లో ఇది సగానికి కాస్త ఎక్కువ, అంతే. సుమారు 30 కోట్ల డాలర్లు ఖర్చయిన సినిమాకు ప్రపంచమంతటా కలిపి 66 కోట్లు వచ్చాయి. హీరోలే జనానికి నచ్చలేదనుకుందామా అంటే, మరుసటి ఏడాది ఒంటరిగా వచ్చిన 'ఆక్వామ్యాన్' 110 కోట్ల డాలర్లు దాటేసింది.

నిజంగా పోయిందేమిటో చూడాలంటే సైబోర్గ్ దగ్గర ఆగాలి. 2017 సినిమాలో అతను ముభావంగా, కంప్యూటర్ పనులు చేసిపెట్టే కుర్రాడు. 2021లో విడుదలైన స్నైడర్ సొంత వెర్షన్‌లో అతను విక్టర్ స్టోన్. మంచు కురుస్తుంటే కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్ ఆడుతుంటాడు. స్టాండ్స్‌లో తల్లి ఉంటుంది, తండ్రి కూర్చోవాల్సిన సీటు ఖాళీగా ఉంటుంది. ఇంటికి వెళ్తూ దారిలో కారు ప్రమాదం, తల్లి మరణం. తండ్రి సైలస్ కొడుకును యంత్రంతో కలిపి బతికిస్తాడు, ఆ బతికించినందుకే కొడుకు అతణ్ణి క్షమించలేకపోతాడు. ప్రపంచంలోని ఏ బ్యాంకు ఖాతానైనా తెరవగల శక్తి చేతికొచ్చాక విక్టర్ చేసిన పనుల్లో ఒకటి, ఇల్లు పోగొట్టుకున్న, ఒంటరి తల్లి అయిన ఓ హోటల్ సర్వర్ ఖాతాలో లక్ష డాలర్లు వేయడం. చివర్లో, కథకు కేంద్రమైన యంత్రపు పెట్టెలు అతనికి తల్లిదండ్రులనూ, చెక్కుచెదరని తన శరీరాన్నీ చూపించి లోబరచుకోబోతాయి. తాను విరిగిపోయినవాణ్ణి కాననీ, ఒంటరివాణ్ణి కాననీ చెప్పి అతను వాటిని తిప్పికొడతాడు. సినిమా గుండె ఇక్కడుంది. థియేటర్లో చూపించిన సినిమాలో దీనికి చోటు దొరకలేదు. రష్యాలో ఎవరో ఓ కుటుంబాన్ని ఫ్లాష్ ట్రక్కుతో సహా గట్టెక్కించే కొత్త సన్నివేశానికి మాత్రం దొరికింది.

జనం ఊరుకోలేదు. దర్శకుడి వెర్షన్ చూపించమన్న పిటిషన్ మీద లక్షన్నరకు పైగా సంతకాలు పడ్డాయి. న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో చందాలతో హోర్డింగులు పెట్టారు. ఆటమ్ జ్ఞాపకంగా అమెరికాలో ఆత్మహత్యల నివారణకు పనిచేసే సంస్థకు ఐదు లక్షల డాలర్లకు పైగా సేకరించి ఇచ్చారు. సినిమా అభిమానం ఇంత మంచి పనికి ఉపయోగపడిన సందర్భాలు అరుదు. దీన్ని మనసారా మెచ్చుకోవాలి.

అదే గుంపులో కొందరు విమర్శకులనూ, స్టూడియో ఉద్యోగులనూ నెట్‌లో వేటాడి వేధించారు. ఈ ప్రచారంలో పాల్గొన్న ఖాతాల్లో కనీసం 13 శాతం నకిలీవని 2022లో 'రోలింగ్ స్టోన్' పత్రిక ఓ నివేదిక ప్రచురించింది. బూతులు తిట్టి సాధించుకునేది సినిమా మీద ప్రేమ కాదు. అయితే ఆ 13 శాతాన్ని చూపించి మిగిలిన జనం కోరికనంతా అబద్ధమని కొట్టిపారేయడమూ అన్యాయమే.

2021 మార్చి 18న 242 నిమిషాల 'జాక్ స్నైడర్స్ జస్టిస్ లీగ్' హెచ్‌బీఓ మ్యాక్స్‌లో వచ్చింది. మన దేశంలో బుక్‌మైషో స్ట్రీమ్ లాంటి వేదికల్లో అదే రోజు చూసే వీలు కలిగింది. ఆరు భాగాలు, పైన ఒక ముగింపు. చివర ఆటమ్‌కు అంకితం. అందులో లోపాలు లేవని ఎవరూ అనరు. స్లో మోషన్ మోతాదు మించింది. ఎప్పటికీ రాని తర్వాతి సినిమాలకు దారులు వేసే ఆఖరి భాగం సాగదీతే. అయినా 2017లో పెదవి విరిచిన విమర్శకుల్లోనే చాలామంది ఈసారి మెచ్చుకున్నారు. ప్రేక్షకుల్లోనూ చాలామందికి నచ్చింది.

ఇది తెలుగు సినిమా వాళ్లకు అక్కరలేని విషయమేం కాదు. మొదటి ఆటకు టాక్ తేడాగా వస్తే చాలు, రెండు మూడు రోజుల్లో ఓ పావుగంట ట్రిమ్ చేశామని ప్రకటన వస్తుంది. ల్యాగ్ ఉందని ప్రేక్షకుడు అంటే నిడివి గురించే అంటున్నాడని అనుకుంటారు. చాలాసార్లు అతని బాధ వేరు. తెర మీద ఉన్న మనిషి మీద తనకు మనసు కలగడం లేదని చెబుతున్నాడు. మనసు కలిగితే అతనికి గడియారంతో పనిలేదు. మూడు గంటల ఇరవై నిమిషాల 'పుష్ప 2'ను ఆడించినవాళ్లు ఈ ప్రేక్షకులే. ఆ సినిమాకు 2025 జనవరిలో మరో 20 నిమిషాలు కలిపి మళ్లీ థియేటర్లకు పంపారు.

ప్రేక్షకుడి మాట వినాలి. విన్నాక మందు ఏమిటో తేల్చాల్సింది కథ రాసినవాళ్లూ, తీసినవాళ్లూ. 'జస్టిస్ లీగ్' విషయంలో ఆ పని వాళ్ల చేతుల్లోంచి లాక్కుని లెక్కలు చూసేవాళ్లకు ఇచ్చారు, నష్టం అక్కడే జరిగింది. 2017లో ఈ సినిమా చూసి సూపర్‌హీరోల కథలంటేనే విసుగెత్తినవాళ్లు ఓ సెలవు రోజు తీరిక చేసుకుని నాలుగు గంటల వెర్షన్ చూడండి. ఒక్క విక్టర్ స్టోన్ కోసమైనా చూడండి.